నది వాటాలు పంచుకున్నారు సరే, బోర్ల నీళ్లు ఎవరి లెక్కలో వేయాలి?

దిగువగట్టు:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది, ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారని అడుగుతున్నాను. మాది రెండు ప్రభుత్వాలు పంచుకున్న నది, మేము కింది వైపు ఉన్నాం. ఏ జలాశయంలో ఎంత నింపుకోవాలో, ఏ నెలలో కిందికి ఎంత వదలాలో అన్నీ ఒప్పందంలో రాసుకున్నారు. పైవాళ్లు ఆ మాట తప్పడం లేదు. గేట్ల దగ్గర రాసే పుస్తకం నేను స్వయంగా చూశాను, నిజాయితీగానే వదులుతున్నారు. కానీ ఇదివరకు ఎండాకాలంలో గేట్లు మూసి ఉన్నా నదిలో సన్నగా ధార పారేది, ఇప్పుడు గేట్లు తెరిచినా ఇసుక తడిసి ఊరుకుంటోంది, నీళ్లు మా దాకా రావడం లేదు.

వాన తగ్గిందా అంటే రికార్డులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొత్త ఆనకట్ట ఏదీ రాలేదు. పెరిగినవి బోర్లే, నదికి రెండు పక్కలా, పైనా కిందా. ఒప్పందం మొత్తం చదివినా బోరు అన్న మాటే కనపడలేదు. భూమిలోంచి తోడే నీళ్లు నది వాటాలోకి వస్తాయా, రావా? వస్తే ఎలా లెక్కపెడతారు? గొడవ పెట్టుకోవడానికి అడగడం లేదు, అర్థం చేసుకోవడానికి అడుగుతున్నాను.

ఊటబావి:
దిగువగట్టు గారూ, మీరు చూసింది నిజమే. నేను ఇరవై ఏళ్లుగా భూగర్భ జలాల పనిలోనే ఉన్నాను, మీరు చెప్పిన కథ చాలా నదుల దగ్గర విన్నాను.

వాన లేని నెలల్లో, గేట్లు మూసి ఉన్నప్పుడు నదిలో పారేది ఎక్కడి నీళ్లు? మంచు కొండల్లో పుట్టిన నదులను పక్కన పెడితే ఆ ధార దాదాపు అంతా భూగర్భ జలమే. వానాకాలంలో పొలాల్లో, చిట్టడవుల్లో ఇంకిన నీళ్లు మట్టిలో, రాతి పగుళ్లలో మెల్లగా జారుకుంటూ వచ్చి నది ఒడ్డునా అడుగునా ఊటగా బయటికొస్తాయి. దీన్ని మేము ఊట ప్రవాహం అంటాం. చుట్టుపక్కల భూమిలో నీటి మట్టం నదిలోని నీటి కంటే ఎత్తులో ఉన్నంతకాలం భూమి నదికి ఇస్తుంది. తోడగా తోడగా ఆ మట్టం కిందికి పోతే దిశ తిరగబడుతుంది, అప్పుడు నదే భూమికి ఇచ్చుకోవాలి. గేట్లు తెరిచినా మీ దాకా రాకపోవడానికి కారణం అదే అయి ఉండొచ్చు, దారిలో ఎండిన భూమి ముందు తన దాహం తీర్చుకుంటోంది.

చార్లెస్ థీస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1940లోనే ఈ లెక్క స్పష్టంగా చెప్పాడు. బావిలోంచి తోడిన నీళ్లు మూడు చోట్ల నుంచే రావాలి. భూమిలో నిల్వ తరగాలి, లేదా కొత్తగా ఇంకేది పెరగాలి, లేదా ఇదివరకు భూమిలోంచి నదికో ఊటకో చెట్ల వేళ్లకో పోయేది తగ్గాలి. నాలుగో చోటు లేదు. మొదట్లో నిల్వే తరుగుతుంది కాబట్టి ఎవరికీ నష్టం కనపడదు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ భారం నది మీదికి మారుతుంది. అందుకే "ఏడాదికి ఎంత ఇంకుతుందో అంత తోడుకుంటే తప్పులేదు" అని సభల్లో చెప్పేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ ఇంకిన నీళ్లు ఎవరికీ పనికిరాకుండా పడి లేవు కదండీ, అవి అప్పటికే నదికి పోతున్న నీళ్లు. ఇంకినదంతా మనమే తోడేసుకుంటే వేసవి నదికి మిగిలేది ఏమీ లేదు.

ఎగువరైతు:
నేను ఎగువ వాడిని, నా మాట కూడా వినండి. వాన నా పొలంలో పడింది, నా మట్టిలో ఇంకింది, నా ఖర్చుతో వేసిన బోరులోంచి తోడుకుంటున్నాను, ఇందులో కిందివాళ్ల వాటా ఎక్కడి నుంచి వచ్చింది? నది నీళ్లు పంచుకున్నప్పుడు కాలువ కింద ఉన్నవాళ్లకు వాటాలొచ్చాయి. మాకు కాలువ లేదు, రాదు కూడా, మా భూమి మెరక. మాకున్న ఒకే ఒక ఆధారం బోరు. మొదటి బోరు ఎండిపోతే రెండోది వేశాం, అదీ తగ్గితే ఇంకా లోతుకు దింపాం, అప్పులు మా నెత్తిన పడ్డాయి. ఇప్పుడు అది కూడా నది లెక్కలో వేసేస్తే మేమెక్కడికి పోవాలి? ఊటబావి అక్కా, మీరు చెప్పిన సైన్సు నాకు అర్థమైంది, కాదనను. కానీ లెక్క పెట్టడం మొదలుపెడితే కోత ముందు మాలాంటి వాళ్లకే పడుతుంది, పట్టణాల పెద్ద పంపులకు కాదు. మా టెన్షన్ అది.

దిగువగట్టు:
అన్నా, మీ బోరు మూసేయమని నేను అడగడం లేదు. మా వైపు కూడా నది ఒడ్డునే బోర్లు వేసి తోడుతున్నారు, అది కూడా నదినే తోడడం అని ఇప్పుడు అర్థమవుతోంది. మా తప్పు లేదని చెప్పను.

వాటాలలెక్క:
చట్టం సంగతి నేను చెప్తాను, నాకు తీర్పులు చదివే అలవాటు ఉంది.

ఒకే ప్రశ్నకు వేర్వేరు చోట్ల పూర్తిగా వేర్వేరు జవాబులు వచ్చాయి. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ 1973లో ఇచ్చి 1976లో ఖరారు చేసిన తీర్పులో, ఆయా రాష్ట్రాలు తమ హద్దుల్లో భూగర్భ జలాన్ని స్వేచ్ఛగా వాడుకోవచ్చు, ఆ వాడకాన్ని కృష్ణా నీటి వాడకంగా లెక్కించకూడదు అని తేల్చి చెప్పేశారు. అంటే కాగితం మీద నది వేరు, బోరు వేరు. కావేరి విషయంలో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో దారి పట్టింది. తమిళనాడు వాటా నుంచి కర్ణాటకకు మార్చిన 14.75 టీఎంసీల్లో 10 టీఎంసీలకు కారణం, తమిళనాడు కింద ఉన్న భూగర్భ జలాన్ని లెక్కలోకి తీసుకోవడమే. ఒకే దేశంలో, నలభై ఏళ్ల తేడాతో రెండు రకాల ఆలోచన.

ఇంకా సూటి ఉదాహరణ అమెరికాలో రిపబ్లికన్ నది. కొలరాడో, నెబ్రాస్కా, కాన్సాస్ 1942లో వాటాలు పంచుకున్నాయి, ఒప్పందంలో బావుల ఊసు లేదు, అచ్చం దిగువగట్టు గారి ఒప్పందం లాగే. తర్వాత నెబ్రాస్కాలో బావులు విపరీతంగా పెరిగాయి, కిందున్న కాన్సాస్ 1998లో కోర్టుకెక్కింది. బావుల వల్ల నదిలో తగ్గిన మేరకు అది వాడుకున్నవాళ్ల వాటాలోంచే తీసేయాలని చివరికి 2002 రాజీలో ఒప్పుకున్నారు, దానికి కంప్యూటర్ నమూనా ఒకటి అందరూ కలిసి తయారు చేసుకున్నారు. ఆ తర్వాత కూడా నెబ్రాస్కా మీరింది, 2015లో అమెరికా సుప్రీంకోర్టు 55 లక్షల డాలర్లు కట్టించింది. అందులో 18 లక్షలు నష్టపరిహారం పైన వేసినవి, మీరి లాభం తెచ్చుకున్నందుకు.

ఎగువరైతు గారు "నా మట్టిలో ఇంకింది నాదే" అన్నారు కదా, సరిగ్గా ఆ వాదనే అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం పక్కనున్న టెనెసీ రాష్ట్రం మీద వేసింది. టెనెసీలోని మెంఫిస్ నగరం తోడే నీళ్లు మా కింద నుంచి లాగుతున్నవి, అవి మా సొంతం, 61.5 కోట్ల డాలర్లు ఇప్పించండి అని. 2021 నవంబరులో అదే సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అందరూ ఏకగ్రీవంగా కొట్టేశారు. రాష్ట్రాల హద్దు దాటి పారే భూగర్భ జలం ఏ ఒక్కరి సొంతమూ కాదు, నదిలాగే న్యాయంగా పంచుకోవలసిందే అన్నారు.

కొత్తగా_చేరాను:
నేను విద్యార్థిని, తప్పుంటే క్షమించండి. రిపబ్లికన్ నది దగ్గర బావుల వల్ల నదిలో ఎంత తగ్గిందో ఎలా తెలుసుకున్నారు? నదిలో తగ్గిన నీళ్ల మీద ఏ బావి తాగిందో పేరు రాసి ఉండదు కదా మేడమ్.

ఊటబావి:
మంచి ప్రశ్న అడిగావు. పేరు రాసి ఉండదు, కానీ దూరం రాసి ఉంటుంది. నది నుంచి బావి ఎంత దూరంలో ఉందో మీటర్లలో తీసుకుని దాన్ని అదే దూరంతో గుణించు, నేల పొరలో నీళ్లు నిలిచే గుణంతో మళ్లీ గుణించు, ఆ పొర నీటిని పారనిచ్చే శక్తితో భాగించు, వచ్చే జవాబు రోజుల్లో ఉంటుంది. ఉదాహరణకు ఇసుక పొర, నిలిచే గుణం 0.2, పారనిచ్చే శక్తి రోజుకు 1000 చదరపు మీటర్లు అనుకుందాం. నదికి 1 కిలోమీటరు దూరంలో బోరు ఉంటే జవాబు 200 రోజులు. 5 కిలోమీటర్లు అయితే 5000 రోజులు, పదమూడేళ్లు దాటుతుంది. 10 కిలోమీటర్లు అయితే 20,000 రోజులు, దాదాపు 55 ఏళ్లు. ఆపకుండా తోడుతూ అన్ని రోజులు గడిచేసరికి ఆ బోరులోంచి వచ్చే ప్రతి 100 లీటర్లలో దాదాపు 48 లీటర్లు నది నుంచి తగ్గినవే అవుతాయి, అక్కడి నుంచి ఆ భాగం పెరుగుతూనే పోతుంది. ఇది తిన్నగా పారే నది, ఒకే రకం నేల అనుకుని వేసిన లెక్క. నిజం నేల దగ్గర బంకమట్టి అడ్డాలు, రాతి పగుళ్లు ఉంటాయి, అందుకే నమూనాలు కట్టాలి. కానీ అసలు సంగతి మాత్రం ఇదే.

ఇందులో నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం ఒకటుంది. దూరంగా వేసిన బోరు ప్రభావం నదికి చేరేసరికి దాన్ని వేసినవాళ్ల పిల్లలు సేద్యం చేస్తుంటారు. అంతేకాదు, ఈ రోజు ఆ బోర్లన్నీ ఆపేసినా నదిలో తగ్గుదల వెంటనే ఆగదు, తోడిన గుంట పూడేదాకా భూమి నది నుంచి లాక్కుంటూనే ఉంటుంది. దూరపు బోర్ల విషయంలో అయితే ఆపిన తర్వాత కూడా కొంతకాలం నష్టం ఇంకా పెరిగి, అప్పుడు తగ్గడం మొదలవుతుంది. మూడేళ్లు చూసి "మేము కోత పెట్టుకున్నా నదిలో మార్పు లేదు, ఇదంతా ఉత్తిదే" అని ఒప్పందం వదిలేయడం ఎంత తప్పో దీన్ని బట్టి చూడండి.

పాతమీటరు:
నేను పరిశీలక బావుల్లో నీటి మట్టాలు కొలిచే ఉద్యోగం చేసి దిగిపోయాను. ఊటబావి గారి లెక్కలన్నీ సరైనవే, కానీ ఆ లెక్కలో వేసే అంకెలు ఎక్కడివి, వాటిని ఎవరు నమ్ముతారు అన్నది నా బాధ. రెండు ప్రభుత్వాల మనుషులు ఒకే పొర మీద వేర్వేరు నెలల్లో కొలుస్తారు, ఒకరు నేల మట్టం నుంచి, ఇంకొకరు పైపు అంచు నుంచి, ఆ తర్వాత సమావేశంలో కూర్చుని మీ అంకె తప్పంటే మీ అంకె తప్పని వాదించుకుంటారు. పక్కన మోటారు నడుస్తుండగా తీసిన కొలత కూడా పుస్తకంలోకి ఎక్కుతుంది, అది నీటి మట్టం కాదు, ఆ మోటారు చేసిన గుంత లోతు.

ఇంకో పొరపాటు గురించి చెప్పాలి. మట్టం ఒక మీటరు తగ్గిందంటే అందరూ ఒక మీటరు నీళ్లు పోయాయని అనుకుంటారు. గట్టి రాతి నేలలో నీళ్లు నిలిచే చోటు 1 నుంచి 3 శాతం, 2 శాతం అనుకుంటే మీటరు తగ్గుదలకు పోయింది 20 మిల్లీమీటర్ల నీళ్లే. అదే ఒండ్రు నేలలో 15 శాతం ఉంటే 150 మిల్లీమీటర్లు. పైన రాతి నేల, కింద డెల్టా ఉన్న నదిలో "మా బావులు పది మీటర్లు పడిపోయాయి, మీవి రెండే" అని పోల్చుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి, కింద రెండు మీటర్లు పడితేనే ఎక్కువ నీళ్లు పోయి ఉండొచ్చు. రాతి నేలకు ఒక మంచి వాన చాలు మట్టం గబగబా లేవడానికి, అలాగే ఒక ఎండాకాలం చాలు ఖాళీ కావడానికి. రెండు చోట్లా ఒకే నియమం పెడితే నిలబడదు.

కొత్తగా_చేరాను:
ఉపగ్రహాలతో కొలవొచ్చని చదివాను సార్, అలాంటప్పుడు గొడవే ఉండదు కదా?

పాతమీటరు:
గ్రేస్ ఉపగ్రహాల గురించి అడుగుతున్నావు. 2002లో ఒక జంట ఎగిరింది, 2018లో దాని వారసులు ఎగిరాయి. కింద నీళ్లు తగ్గితే ఆ చోట భూమి లాగే బలం అతి కొద్దిగా తగ్గుతుంది, ముందూ వెనకా పోయే రెండు ఉపగ్రహాల మధ్య దూరం మారడాన్ని బట్టి దాన్ని పట్టుకుంటాయి. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోయిందని 2009లో బయటపెట్టింది ఆ కొలతలే. ఎవరూ దాచలేని అంకె అది, అందుకు దాన్ని గౌరవిస్తాను. కానీ అది వందల కిలోమీటర్ల మేర కలిపి చూసే చూపు బాబూ, ఏ మండలంలో ఎవరు ఎంత తోడారో చెప్పలేదు. పెద్ద బొమ్మకు ఉపగ్రహం, వాటాల గొడవ తీర్చడానికి బావిలో దింపే టేపే.

ఎగువరైతు:
సరే, అయితే మేము చేసిన మంచి పనులు కూడా లెక్కలో వేయండి. నేను, మా చుట్టుపక్కల వాళ్లం చాలామందిమి డ్రిప్ పెట్టుకున్నాం. వాగుల మీద చెక్‌డ్యాంలు కట్టుకున్నాం, మా బావులు కొంచెం తేరుకున్నాయి కూడా. ఇదంతా నీళ్లు పొదుపు చేసినట్టే కదా?

ఊటబావి:
అన్నా, ఇది చెప్పడానికి నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే మీరు మంచి మనసుతో చేశారు. ఇదివరకు పొలంలో చిన్న కాలువలు తీసి పారించినప్పుడు ఎక్కువైన నీళ్లలో కొంత ఆవిరైపోయేది, మిగతాది మళ్లీ మట్టిలో దిగి, బావికో నదికో చేరేది. డ్రిప్ పెట్టాక అలా తిరిగి దిగేది బాగా తగ్గుతుంది. మీ మోటారు తక్కువ గంటలు నడుస్తుంది, కరెంటు మిగులుతుంది, మొక్కకు మంచిది, ఇవన్నీ నిజమైన లాభాలు. కానీ నదికి మిగలాలంటే పంట తాగి గాలిలోకి వదిలే నీళ్లు తగ్గాలి. డ్రిప్‌తో మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరం వేస్తే, లేదా రెండో పంట వేస్తే, బేసిన్ మొత్తానికి, అంటే నదికి నీళ్లు చేరే ప్రాంతమంతటికీ, వాడకం ఇంకా పెరుగుతుంది. చాలా దేశాల్లో ఇదే జరిగింది. డ్రిప్‌తో పాటు తోడే నీటికి హద్దు కూడా పెట్టుకున్న చోటే నదికి నీళ్లు మిగిలాయి.

చెక్‌డ్యాం సంగతీ అంతే, అది నీళ్లను పుట్టించదు, కింద పారేవాటిని పైన ఆపుతుంది. సముద్రంలోకి ఉత్తినే పోయే వరద నీటిని ఆపి ఇంకిస్తే అందరికీ మేలు. కిందివాళ్ల చెరువు నింపే నీటిని ఆపితే అది వాటా మార్చడమే, పేరు ఏదైనా. వానాకాలంలో దాచుకున్నది వేసవిలో ఊటగా నదికి తిరిగొస్తే కింద కూడా సంతోషిస్తారు, అదంతా బోరుతో తోడేస్తే రాదు. కాబట్టి మీ పనికి మంచి మార్కులు వేయాలంటే ఎంత ఇంకించారో దాంతో పాటు ఎంత తోడారో కూడా చెప్పాలి.

ఎగువరైతు:
చెక్‌డ్యాం కట్టినప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు అక్కా. నీళ్లు దాస్తే పుణ్యమనే చెప్పారు.

వాటాలలెక్క:
ఊటబావి గారి మాటకు ఒక పెద్ద ఉదాహరణ ఉంది, ఆస్ట్రేలియాలో ముర్రే డార్లింగ్ బేసిన్. నది నుంచి తీసే నీటి మీద 1995లో గట్టి పరిమితి పెట్టారు, భూగర్భ జలం మీద పెట్టలేదు. ఏమవుతుంది? నదిలో తలుపు మూసుకుపోయినవాళ్లు బోర్ల వైపు తిరిగారు. చివరికి 2012 బేసిన్ ప్రణాళికలో నదికీ, భూగర్భ జలానికీ రెండింటికీ పరిమితులు రాసుకోవాల్సి వచ్చింది. ఒక్క కిటికీ మూస్తే గాలి ఇంకో కిటికీలోంచి వస్తుంది, నీళ్ల ఒప్పందాలు రాసేవాళ్లు ఇది మర్చిపోతుంటారు.

అంతర్జాతీయ చట్టంలో కూడా ఇలాంటి ఖాళీయే ఉంది. 1997 నాటి ఐక్యరాజ్యసమితి జలమార్గాల ఒప్పందం 2014 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. అందులో నదితో కలిసి పారే భూగర్భ జలం నదిలో భాగమేనని ఉంది, అది మంచిదే. కానీ నదితో సంబంధం లేని, వేల ఏళ్ల నాటి నిల్వ నీళ్లు ఆ నిర్వచనంలోకి రావు. వాటి కోసం 2008లో వేరుగా 19 ముసాయిదా అధికరణాలు రాశారు, అవి ఇప్పటికీ ఎవరినీ కట్టిపడేసే చట్టం కాలేదు. దేశాల హద్దులు దాటే భూగర్భ జల పొరలు 2021 పటంలో 468 లెక్క తేలాయి. వాటి మీద ప్రత్యేకంగా ఒప్పందాలు ఉన్నవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తడిమట్టి:
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. అన్నీ గొడవలే చెప్పారు, ఎక్కడా కుదిరిన కథ లేదా?

వాటాలలెక్క:
ఉంది, నాకు చాలా ఇష్టమైన కథ. స్విట్జర్లాండ్‌లో జెనీవా, దాని పక్కనే ఫ్రాన్స్, ఇద్దరి కిందా ఒకే భూగర్భ జల పొర. 1960 తర్వాత తోడడం పెరిగి ఇరవై ఏళ్లలో మట్టం 7 మీటర్లకు పైగా పడిపోయింది. వాళ్లు గొడవకు దిగలేదు, ఆర్వ్ నది నీటిని శుభ్రం చేసి భూమిలోకి ఇంకించే కేంద్రం కట్టారు, 1980 నుంచి అది నడుస్తోంది. దానికి ముందే 1978 నుంచి ముప్ఫై ఏళ్లకు ఒప్పందం రాసుకున్నారు, 2008లో మళ్లీ కొత్తగా రాసుకున్నారు. అందులో ఖర్చు పంచుకున్న తీరు చూడాలి, ప్రతి పంపుకూ మీటరు ఉంటుంది, ఎవరు ఎంత తోడితే దాన్ని బట్టి ఇంకించే ఖర్చులో వాటా. ఫ్రాన్స్ వైపు ఏడాదికి 20 లక్షల ఘనపు మీటర్ల దాకా ఉచితం, ఎందుకంటే సహజంగా ఇంకే నీటిలో వాళ్ల భాగం కూడా ఉంది. ఎగువరైతు గారు అడిగిన "నా మట్టిలో ఇంకిన నీళ్ల సంగతేంటి" అన్న ప్రశ్నకు వాళ్లు ఇలా జవాబిచ్చుకున్నారు. ఇంకో సంగతి, ఆ రెండో ఒప్పందం మీద సంతకాలు పెట్టింది స్థానిక పాలకులే, రాజధానుల నుంచి వచ్చినవాళ్లు కాదు.

మిగతావి క్లుప్తంగా. జోర్డాన్, సౌదీ అరేబియా 2015లో దీసీ పొర మీద ఒప్పుకున్నాయి, హద్దు దగ్గర కొంత మేర తోడడమే నిలిపేశారు. అర్జెంటీనా, బ్రెజిల్, పరాగ్వే, ఉరుగ్వే గ్వారానీ పొర మీద 2010లో గొడవ మొదలుకాక ముందే సంతకాలు చేశాయి, అది అమల్లోకి రావడానికి మాత్రం 2020 దాకా పట్టింది. బోట్స్‌వానా, నమీబియా, దక్షిణాఫ్రికా కింద ఉన్న స్టాంప్రియెట్ పొర గురించి మాట్లాడుకునే ఏర్పాటును 2017లో అప్పటికే ఉన్న ఆరెంజ్ సెంకు నదీ సంఘంలోనే కలిపారు. దిగువగట్టు గారూ, మీకు పనికొచ్చేది ఇదే అనుకుంటాను. కొత్త సంస్థ, కొత్త ఆఫీసు అక్కర్లేదు, నది గురించి ఇప్పటికే కూర్చుంటున్న సమావేశంలోనే భూగర్భ జలానికి ఒక కుర్చీ వేయమనండి.

తడిమట్టి:
జెనీవాలో తోడేది నీటి సరఫరా సంస్థలు, కొన్ని పెద్ద పంపులు. మన దగ్గర మాట్లాడుకుంటున్నది వేల మంది రైతుల బోర్లు. అక్కడి పద్ధతి తెచ్చి ఇక్కడ అంటిస్తే నడుస్తుందని నేను నమ్మను.

ఎలినార్ ఆస్ట్రోమ్ అనే ఆవిడ 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ తీసుకున్నారు. ఆవిడ 1965లో డాక్టరేట్ కోసం చదివింది భూగర్భ జలం గురించే. లాస్ ఏంజిలిస్ దగ్గర తీర ప్రాంతంలో అందరూ పోటీపడి తోడితే సముద్రపు ఉప్పునీళ్లు లోపలికి వచ్చేశాయి. తోడేవాళ్లే సంఘం కట్టుకుని, కోర్టు సాక్షిగా కోతలు ఒప్పుకుని, తీరం వెంట మంచినీళ్లు భూమిలోకి ఎక్కించి ఉప్పునీటికి అడ్డం కట్టారు. నన్ను పట్టుకున్న విషయం ఏంటంటే, అందరూ తగ్గిస్తేనే నేనూ తగ్గిస్తాను అని చాలామంది ముందే షరతు పెట్టుకున్నారు, ఎవరి తోడకం ఎంతో అందరికీ కనపడేలా చేసుకున్నారు. పక్కవాడు మోసం చేయడం లేదని కళ్లారా కనపడితే మనిషి తగ్గించుకుంటాడు. కనపడకపోతే రాత్రిపూట అయినా సరే మోటారు వేస్తాడు, అతన్ని తప్పు పట్టలేం.

అలాగే కోత ఎవరికి ముందు అన్నది తేల్చకుండా మీటరు గురించి మాట్లాడొద్దు. తాగే నీళ్లు, చిన్న రైతు మొదటి బోరు పక్కన పెట్టి, ఆ తర్వాతి వాడకాల మీద మెట్లు మెట్లుగా పెట్టాలి. దీన్ని ఒప్పందంలోనే రాయాలి, తర్వాత చూద్దాం అంటే ఎగువరైతు గారి భయమే నిజమవుతుంది.

ఎగువరైతు:
తడిమట్టి గారూ, ఆ మాట కోసమే చూస్తున్నాను, థాంక్స్. మీటరుకు నేను వ్యతిరేకం కాదు. నా ఒక్కడికే పెట్టి పట్టణానికి పెట్టకపోతేనే వ్యతిరేకం.

ఊటబావి:
ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఒక్క మాట చెప్పి నా పని చూసుకుంటాను. కాలిఫోర్నియాలో సాన్ వాకీన్ లోయలో 1925 నుంచి 1977 మధ్య ఒక చోట నేల దాదాపు 9 మీటర్లు కుంగింది. నీళ్లు తోడేసిన బంకమట్టి పొరలు నలిగిపోయాయి, అలా నలిగిన చోటు తర్వాత ఎన్ని వానలు పడినా మళ్లీ తెరుచుకోదు. అంటే అక్కడ పోయింది నీళ్లు మాత్రమే కాదు, నీళ్లు దాచుకునే గది. అక్కడ భూగర్భ జల చట్టం వచ్చింది 2014లో. బాగా దెబ్బతిన్న ప్రాంతాలకు 2040 దాకా గడువిచ్చారు.

దిగువగట్టు:
అందరికీ ధన్యవాదాలు, నేను అడిగిన దానికంటే ఎక్కువ దొరికింది. నాకు అర్థమైనంతలో నేను ఒక పని చేయగలను. ఎగువరైతు అన్నా, ఒప్పందం మార్చడం మన చేతుల్లో లేదు, దానికి ఏళ్లు పడుతుంది. కానీ కొలతలు మన చేతుల్లో ఉన్నాయి. మా వైపు ఇప్పుడు వాడని బోర్లు కొన్ని ఉన్నాయి, మీ వైపు కూడా ఉంటాయి. ఒకే రోజు, ఒకే పద్ధతిలో రెండు వైపులా కొలిచి ఇక్కడే పెడితే? మా అంకెలు దాచను, మా వైపు నది ఒడ్డున ఎక్కువ తోడుతున్నట్టు తేలినా సరే పెడతాను.

ఎగువరైతు:
మా దగ్గర ఎండిపోయాయని వదిలేసినవి మూడున్నాయి. ఒకదాంట్లో అడుగున నీళ్లు కనపడతాయి, మిగతా రెండూ చూడాలి. పెడతాను. పాతమీటరు గారూ, పద్ధతి మీరే చెప్పండి, మళ్లీ పైపు అంచా, నేలా అని గొడవ రాకుండా.

పాతమీటరు:
పైపు అంచు నుంచే కొలవండి. అంచు మీద ఒకచోట పెయింటుతో గీత పెట్టి ప్రతిసారీ అక్కడి నుంచే టేపు దింపండి, ఆ గీత నేల మీద నుంచి ఎంత ఎత్తులో ఉందో ఒక్కసారి కొలిచి పక్కన రాసిపెట్టండి. తెల్లవారుజామున, చుట్టుపక్కల మోటార్లు ఆగి కనీసం కొన్ని గంటలు అయ్యాక తీయండి. ఏ మోటారు ఎంత దూరంలో ఉందో, రాత్రి నడిచిందో లేదో కూడా రాయండి. రెండుసార్లు దింపండి, రెండు కొలతల మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల కంటే తేడా ఉంటే మూడోసారి దింపండి. పూర్తిగా ఎండిన బోరైతే "ఎండింది" అని రాసి వదిలేయకండి, అడుగు దాకా ఎంత లోతుందో రాయండి, నీళ్లు దానికంటే కింద ఉన్నాయని తెలుస్తుంది.

ఎగువరైతు:
ప్రతి నెలా ఒకటో తారీఖు అయితే ఇద్దరికీ కుదురుతుందా?

దిగువగట్టు:
కుదురుతుంది అన్నా. రేపే గీతలు పెట్టిస్తాను.